వీపులు గీసిన డ్రాయింగు సారు

వడమాలపేట హైస్కూల్లో డ్రాయింగు సారు మునిప్రసాద్ బొమ్మ గీస్తే కింద పేరు రాయాల్సిన పని లేదని ఆ చుట్టుపక్కల అందరూ ఒప్పుకుంటారు. ఏడ్చే మనిషిని గీస్తే చూసేవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. అబద్ధమాడే మనిషిని గీస్తే ఆ కళ్లే పట్టిచ్చేవి. ఒకసారి మండలాఫీసు వాళ్లు అడిగితే తాగుడు వల్ల వచ్చే నష్టాల మీద బడి ప్రహరీకి పెద్ద బొమ్మ వేశాడు. గుండీలు ఊడిన చొక్కా, ఒక్క కాలికే చెప్పు, గోడకు చేరగిలబడిన మనిషి. ఆ రంగు ఆరీ ఆరకముందే ఊళ్లో కుప్పయ్య అనే ఆయన బడి దారి మానేసి, చుట్టూ తిరిగి పొలానికి పోవడం మొదలుపెట్టాడు. "నన్ను గోడకెక్కిచ్చినాడప్పా ఆ సారు" అని టీకొట్లో అందరికీ చెప్పుకున్నాడట. మునిప్రసాద్ అప్పటిదాకా కుప్పయ్య మొహమే చూసి ఎరగడు.

ఆయన పుట్టింది చిత్తూరులో. వాళ్ల నాయన మామిడికాయల మండీలో పనిచేసేవాడు. ఏ గంప ఏ లారీకి పోవాలో, ఏది తోతాపురో ఏది బేనీషానో తెలియడానికి గంపల మీద రంగుతో గుర్తులు పెట్టడం ఆయన పని. ఎండాకాలం సెలవుల్లో నాయన వెంట పోయి, ఎర్రరంగు డబ్బాలో కుంచె ముంచి గంప మీద గుండ్రం చుట్టడంతో మునిప్రసాద్ చిత్రకళ మొదలైంది. దూరం నుంచి హమాలీ ఒక్క చూపు చూస్తే తెలిసిపోవాలి, అదీ నాయన నేర్పిన పాఠం. తర్వాత డ్రాయింగు పరీక్షలు పాసై, ట్రైనింగు చేసి, ఉద్యోగంలో చేరి, ఎన్నో ఊళ్లు తిరిగినా ఆ పాఠం మారలేదు. చూడగానే తెలిసిపోవాలి. అలా తెలిసేట్టు గీయడమే తన బతుక్కి దొరికిన మర్యాద అని ఆయన నమ్మకం.

ఇల్లు తిరుపతిలో. భార్య శకుంతలమ్మ, నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉన్న కూతురు లోహిత, ఒక పాత స్కూటరు, మేడ మీద రంగుల గది. వడమాలపేటకు రోజూ బస్సులో పోయి వస్తాడు. రిటైరుమెంటు దగ్గర పడుతున్న రోజుల్లో, ఇక కొత్తగా నేర్చుకోవడానికి ఏముందిలే అనుకుంటున్న రోజుల్లో రంగప్రియ ఆ బడికి వచ్చింది.

రంగప్రియ తిరుపతిలో ఒక కౌన్సెలింగు కేంద్రంలో సైకాలజిస్టు. తాతముత్తాతల నుంచి గుడి సేవలో ఉన్న కుటుంబం. నాన్నగారు ఇప్పటికీ తెల్లవారకముందే లేచి దివ్యప్రబంధం పాశురాలు చదువుకుంటారు. ఈమె మాత్రం మనుషుల మనసులు చదవాలని పట్టుబట్టి ఈ చదువు చదివింది. పదో తరగతి పిల్లలకు పరీక్షల భయం గురించి చెప్పడానికని వచ్చి, స్టాఫ్ రూములో గోడలనిండా ఉన్న చార్టులు చూసి ఆగిపోయింది.

"ఈ బొమ్మలు ఎవరు వేశారు సార్?"

హెడ్మాస్టరు పరంధామయ్య, ఆ చార్టులన్నీ తనే వేసినంత సంబరంగా మునిప్రసాద్‌ను పిలిచి చూపించాడు. రంగప్రియ సంచీలోంచి కొన్ని అట్టలు తీసి బల్ల మీద పరిచింది. నలుపు తెలుపు బొమ్మలు. పొడుగు కోట్లు, గోడలో చలిమంట పొయ్యి కట్టిన హాళ్లు, టోపీ పెట్టుకున్న ఆడవాళ్లు.

"ఇవి మా పరీక్ష బొమ్మలు సార్. బొమ్మ చూపించి కథ చెప్పమంటాం. ఇక్కడ ఏం జరుగుతోంది, అంతకుముందు ఏం జరిగింది, వీళ్ల మనసులో ఏముంది, చివరికి ఏమవుతుంది."

మునిప్రసాద్ మొహం వెలిగింది. "ప్రక్షేపక పద్ధతులు. ట్రైనింగులో అయిదు మార్కులకు రాసినానమ్మా. సిరా మరకలు సూపించేది ఒకటి, బొమ్మకు కత సెప్పమనేది ఒకటి, సగం వాక్యం ఇచ్చి మిగతాది పూర్తి సెయ్యమనేది ఇంకోటి. మార్కులొచ్చినాయి గానీ అదేందో ఇప్పటికీ నాకు తెలీదు."

రంగప్రియ నవ్వింది. "మన దగ్గరికి ఒక మనిషి వస్తారు సార్. నీకేం బాధ అని అడిగితే 'ఏం లేదు, బాగుండాను' అంటారు. ఈ బొమ్మలో ఉన్నామెకు ఏం బాధ అని అడగండి, అరగంట చెప్తారు. ఆ చెప్పేదాంట్లో వాళ్ల ఆశ, భయం, ఇంటి సంగతి కొంచెం కొంచెం కలుస్తాయి. వాళ్లకు తెలియకుండానే."

"అంటే మనిషి గుట్టు లాగేదా?"

"లాగడం కాదు. వాళ్లు మనసులో బరువు దించుకోవడానికి ఒక అరుగు కట్టివ్వడం. పైగా ఇది జాతకం కాదు సార్, ఒక్క కథ విని మనిషిని తేల్చెయ్యకూడదు. చాలా కథలు వినాలి, మామూలుగా మాట్లాడాలి, వేరే పరీక్షలూ చెయ్యాలి. అప్పుడు కూడా 'ఇలా ఉండొచ్చేమో' అంటామంతే."

ఆమె చిక్కేమిటంటే, ఆ కోట్లవాళ్లను చూపిస్తే ఇక్కడివాళ్లు నోరు విప్పడం లేదు. చిత్తూరు వైపు ఊళ్లలో ఆడవాళ్లయితే "దొరల సంగతి మాకేం తెలుస్తాదమ్మా" అని అట్ట తిరిగిచ్చేస్తున్నారు. మన మనుషులతో, మన వీధులతో కొత్త బొమ్మలు కావాలి. అదే ఆమె పరిశోధన. వాటిని గీసే చెయ్యి కోసమే వెతుకుతోంది.

"నేను గీస్తానమ్మా" అన్నాడు మునిప్రసాద్, ఆమె అడగకముందే.

ఆ ఎండాకాలం సెలవులన్నీ మేడ మీద గదిలోనే గడిపాడు. కోడలి మీద చెయ్యెత్తిన అత్త, మూలన కొంగు నోట్లో కుక్కుకున్న కోడలు. మార్కుల కాగితం పట్టుకుని వణికే పిల్లవాడు, బెల్టు విప్పుతున్న తండ్రి. ఒక్కో బొమ్మ పూర్తికాగానే శకుంతలమ్మను పిలిచి చూపించేవాడు. ఆమె "అయ్యో పాపం" అనేది. అంతకంటే మెప్పు ఆయనకు అక్కర్లేదు.

రంగప్రియ వాటిని తీసుకుపోయి కొన్నాళ్లకు ఫోను చేసి రమ్మంది. కేంద్రంలో ఆమె గది చిన్నది, ఒక బల్ల, రెండు కుర్చీలు. బొమ్మలు బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆమె మాట మొదలుపెట్టడానికి తడుముకుంటుంటేనే ఆయనకు ఏదో తేడాగా తోచింది.

"బొమ్మలు చాలా గొప్పగా ఉన్నాయి సార్. కానీ చూసిన ప్రతి ఒక్కరూ ఒకే కథ చెప్తున్నారు. అత్త కొడుతోంది, కోడలు ఏడుస్తోంది. ఇంకో మాట లేదు. బొమ్మే అంతా చెప్పేస్తోంది."

"సెప్పకపోతే ఇంక బొమ్మెందుకమ్మా?"

"వాళ్లు చెప్పడానికి సార్. మీరు చెప్పేస్తే వాళ్లకేం మిగలదు."

మునిప్రసాద్ లేచాడు. బొమ్మలు చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేశాడు. బస్టాండులో నిలబడితే కళ్లు మండాయి. ఇన్నేళ్లూ ఏది తన గొప్ప అనుకున్నాడో, సరిగ్గా అదే పనికిరాదని ఒక చిన్నపిల్ల, తన కూతురికంటే నాలుగేళ్లు పెద్దదేమో, అంత మర్యాదగా చెప్పింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు.

ఇంటికొచ్చి రెండ్రోజులు ఉడుక్కున్నాడు. మూడోనాడు పంతం వచ్చింది. చెప్పకూడదంటే చెప్పకుండానే గీస్తాను చూడమని, పొగమంచులో మనుషుల్లాగా అంతా మసక మసకగా వేసి తీసుకుపోయాడు. రంగప్రియ దాన్నీ ఒప్పుకోలేదు.

"ఇది కనబడటం లేదు సార్. కనబడాలి. మనిషి మనిషిలాగా, గడప గడపలాగా ఉండాలి. ఏం జరుగుతోందో మాత్రం తేలకూడదు."

"అట్ల ఎట్ల కుదురుతాదమ్మా?"

"నాకు గీయడం రాదు సార్. వస్తే మీ దగ్గరికి ఎందుకొస్తాను?"

ఆ మాటతో ఆయనకు కొంచెం మనసు కుదుటపడింది. కానీ దారి మాత్రం దొరకలేదు.

దొరికింది బడిలోనే. ఒకరోజు ఖాళీ పీరియడులో డ్రాయింగు గదిలో కూర్చుని, ఒక గడప, గడపలో ఒక మగమనిషి, లోపల కుర్చీలో ఒక ఆడమనిషి, ఇలా గీతలు గీస్తున్నాడు. మొహాలు ఇంకా పెట్టలేదు. మగమనిషి చేతిలో సంచీ, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఇంతలో హెడ్మాస్టరు పిలిస్తే బొమ్మ అలాగే స్టాండు మీద వదిలేసి పోయాడు. తిరిగొచ్చేసరికి ఎనిమిదో తరగతి వచ్చి కూర్చుని ఉంది. గదంతా ఒకటే గోల.

"పోతాండాడు రా, సంచీ సూడు చేతిలో."

"సంచీ ఉంటే? ఊరి నుంచి వచ్చినాడు. ఆమెకేమో తెచ్చినాడు."

"ఆమె ఆయన పక్క సూడ్నే లేదు. కోపం."

"కోపం లేదు ఏమీ లేదు. కండ్లు కనపడవు ఆమెకు."

మునిప్రసాద్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి పోతే నోళ్లు మూతపడతాయి. వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్ల, మామూలుగా పేరు పిలిచినా పలకని పిల్ల, లేచి నిలబడి మరీ చెప్తోంది, ఆయన అప్పు తీర్చి వచ్చినాడని, ఆ సంగతి సెప్పాలా వద్దా అని ఆలోచిస్తాండాడని. అప్పు మాట ఆ గీతల్లో ఎక్కడా లేదు. ఆ పిల్ల ఎక్కడి నుంచి తెచ్చిందో తెచ్చింది. ఆయనకు రంగప్రియ చెప్పిన అరుగు అప్పుడు కనబడింది. తను గీయకుండా వదిలిన చోట పిల్లలందరూ ఎక్కి కూర్చున్నారు.

వరండాలోకి పోయి ఫోను చేశాడు. "అమ్మా, పట్టినాను. కాలు లోపల పెట్టకూడదు, బయటా పెట్టకూడదు."

రంగప్రియకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఆ గొంతులో హుషారు విని రమ్మంది.

అక్కడి నుంచి పని ఉరకలెత్తింది. సగం చేసిన పనులు గీయడం మొదలుపెట్టాడు ఆయన. ఎత్తిన చెయ్యి కొట్టడానికో ఆశీర్వదించడానికో తెలియదు. మూసి ఉన్న పుస్తకం ముందు కిటికీలోకి చూసే పిల్లవాడు, చదివేశాడో చదవలేకపోతున్నాడో తెలియదు. ఆసుపత్రి బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న పెద్దాయన, పడుచువాడు, తండ్రీకొడుకులో ముక్కూమొహం తెలియనివాళ్లో ఎవరిష్టం వాళ్లది. బస్సు స్టాపులో బుట్ట పట్టుకున్న ఆడమనిషి. కొండ మెట్ల మీద ఇద్దరు, వెనక నుంచి. ఇన్నేళ్లుగా మొహాలు గీసిన చెయ్యి ఇప్పుడు వీపుల మీద పడింది. వీపుల్లో ఇంత సంగతి ఉంటుందని తెలియలేదే అని ఆశ్చర్యపోయాడు. బస్సులో ముందు సీటువాళ్ల భుజాలే చూస్తూ ఒకటి రెండుసార్లు దిగాల్సిన చోటు దాటిపోయాడు.

ఆ అలవాటు బడి పనికీ పాకింది. కొత్తగా వడదెబ్బ మీద చార్టు వెయ్యమని పరంధామయ్య చెప్తే వేసి ఇచ్చాడు. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఏమప్పా మునిప్రసాదూ, ఈ మనిషి సెట్టుకింద పడిపోయినాడా, పండుకున్నాడా?"

"మీకేమనిపిస్తాది సార్?"

"నాకేమనిపిస్తే ఏంది? పిల్లోల్లకు తెలియాలి కదా నీళ్లు తాగాలని. హాయిగా నిద్రపోయినట్టుండాడు, నాకే నిద్రొస్తాండాది."

మునిప్రసాద్ ఆ చార్టు వెనక్కి తీసుకుని, చెమటలు, ఎర్రటి మొహం, పక్కన దొర్లిన ఖాళీ చెంబు పెట్టి పాతపద్ధతిలో మళ్లీ వేశాడు. రెండూ రెండు పనులని ఆయనకు అప్పుడు బోధపడింది. గంప మీద గుండ్రం గుండ్రమే. దాన్ని చూసి లారీలు తప్పిపోకూడదు.

కొత్త బొమ్మలను రంగప్రియ ఊరూరా పట్టుకుని తిరిగింది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లకు చూపించింది, తిరుపతిలో గుడి వీధుల కుటుంబాలకు చూపించింది, వడమాలపేటలో రైతులకు చూపించింది. కొన్నిసార్లు మునిప్రసాద్ కూడా వెంట పోయేవాడు. పోయినా గది బయటే. ఎవరు ఏం చెప్పారో ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. "అది వాళ్ల సొత్తు సార్" అనేది. పేర్లూ ఊర్లూ లేకుండా, బొమ్మ నిలబడిందా, అంటే తలా ఒక కథ వచ్చిందా లేదా అన్నంతవరకే చెప్పేది. బస్సు స్టాపు బొమ్మ అన్నిటికంటే బాగా నిలబడింది. ఒకరికి ఆమె బస్సు తప్పిపోయిన మనిషి. ఒకరికి పుట్టింటికి పోతున్న కొత్తకోడలు. ఒకరికి ఆమె ఎక్కడానికి కాదు, ఇప్పుడే దిగి ఎవరికోసమో చూస్తోంది. ఒక పెద్దాయన మాత్రం బుట్టలో ఏముందో తెలిస్తేగానీ కథ చెప్పనని మొండికేశాడట.

"నేనొక కత సెప్తా, రాసుకోమ్మా" అన్నాడు మునిప్రసాద్ ఒకరోజు.

"మీరు పనికిరారు సార్. గీసింది మీరే కదా. ఇంకో మాట, ఇంట్లోవాళ్ల మీద మాత్రం ప్రయోగం చెయ్యొద్దు. దగ్గరివాళ్ల మాట మనం సరిగ్గా వినలేం."

ఆయన తలూపాడు. ఆ తర్వాతి ఆదివారమే ఆ పని చేశాడు.

శకుంతలమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆయన బస్సు స్టాపు బొమ్మ తెచ్చి గోడకు ఆనించి, ఊరికే అడిగినట్టు అడిగాడు. "ఈమె కత ఏందో సెప్పు సూస్తాం."

ఆమె చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని బొమ్మను చూసింది. "ఈమె సూళ్లూరుపేటకు పోతాండాది. రాకెట్టు సూసేదానికి."

"రాకెట్టా?"

"ఊ. అన్నం వండి మూత పెట్టి, తాళం పక్కింట్లో ఇచ్చి వచ్చింది. ఎవురికీ సెప్పలేదు. బస్సు ఇంగా రాలేదు, కానీ ఈమెకేం తొందర లేదు. ఇట్ల ఒంటిగా నిలబడుకునేదే బాగుండాది ఆమెకు. సందకాడికి ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్ల చింతపండు పిసికి సారు కాస్తాది."

మునిప్రసాద్ ఆ బొమ్మను గోడవైపు తిప్పేశాడు. లోపలికి పోయి గడప బొమ్మ తెచ్చాడు.

"ఈయన ఆఫీసుకు పోతాండాడు. ఆయన సందు మలుపు తిరిగినాక ఆమె కూడా లేస్తాది. ఆమెకూ యాడికో పొయ్యేది ఉండాది."

కొండ మెట్ల బొమ్మ తెచ్చాడు. "ఈ ఇద్దురూ ఆడోల్లే కదా. ఈమె ఆమెకు సెప్తాండాది, నేను పొయ్యొచ్చినా, ఏం కాలేదు, నువ్వూ పొయ్యి రా అని. పొయ్యి, పొద్దుగూకేలోపల బిన్నా వచ్చేస్తాది ఆమె కూడా." అని, చిక్కుడుకాయలు అయిపోతే చేట దులుపుకుని ఆమె వంటింట్లోకి పోయింది.

మర్నాడు బడికి పోతూ మునిప్రసాద్ దారిలో రంగప్రియ కేంద్రం దగ్గర దిగాడు. ఆమె ఇంకా తాళం తీస్తోంది.

"అమ్మా, మా ఇంటామెకు నా జతలో ఉండేదానికి ఇష్టం లేదు."

రంగప్రియ కంగారుపడి కూర్చోబెట్టి విషయం అడిగింది. ఆయన మూడు కథలూ మాట పొల్లుపోకుండా చెప్పాడు. వింటుంటే ఆమె కంగారు పోయి, కోపం వచ్చి, కోపం పోయి నవ్వు వచ్చింది.

"ఇందుకే సార్ వద్దన్నాను. మూడు కథల్లోనూ ఆమె చివరికి ఏం చేసింది?"

మునిప్రసాద్ ఆలోచించాడు. "ఒక దాంట్లో ఇంటికొచ్చి సారు కాసింది. ఒక దాంట్లో బిన్నా వచ్చేస్తాదని సెప్పింది. గడప బొమ్మలో... అది సెప్పలేదు."

"చూశారా, మీరు వెళ్లిపోవడం ఒక్కటే విన్నారు. వచ్చింది వినలేదు. ఇలా నేను చెప్పడం కూడా తప్పే, ఆవిడ మనసులో ఏముందో నాకేం తెలుసు? మా దగ్గరికి వచ్చేవాళ్లను నేరుగా అడిగితే చెప్పలేరు, అందుకని ఈ బొమ్మలు. మీ ఇంట్లో మనిషే కదా సార్. వెళ్లి అడగండి."

ఆ సాయంత్రం ఆయన అడిగాడు. అడగడానికి రెండు కాఫీలు తాగాల్సి వచ్చింది.

"నీకు రాకెట్టు సూడాలని ఉండాదా?"

"ఉండాది" అంది శకుంతలమ్మ, చాలా మామూలుగా. "ఎప్పుట్నుంచో ఉండాది. ఇంత దగ్గర్లో ఉండి సూడకపోతే ఎట్ల? నీకొకసారి సెప్తే టీవీలో సూసినాం కదా అంటివి."

"మళ్లా అడగొచ్చు కదా. తీసుకోని పోనా నేను?"

"తీసుకోని పోతావు. ఆ మాటకే వస్తాండా నేను." ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నువ్వొస్తే నీ బీపీ మాత్ర, నీ గొడుగు, నీకు పడే ఇడ్లీ యాడ దొరుకుతాదా అని వెతుక్కునేది. ఎండగా ఉండాది పోదాం పా అంటావు. నేను రాకెట్టు సూడాలా, నిన్ను సూడాలా? పెండ్లైనప్పుట్నుంచి నేను ఒంటిగా మా సెల్లెలి ఊరికి కూడా పోలేదబ్బా. నీ స్కూటరెనకాల కూసోని నీ వీపే సూసినాను."

మునిప్రసాద్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాత్రం నవ్వేసింది. దాంతో ఆయనా నవ్వాడు. "నా జతలో ఉండేది ఇష్టం లేదేమో అనుకుంటి" అని కూడా బయటపడ్డాడు.

"ఇష్టం లేకపోతే ఇన్నాళ్లు సారు కాస్తానా" అంది శకుంతలమ్మ.

లోహితకు ఫోను చేస్తే, "పోనీలే నాయనా, అమ్మేమన్నా చిన్నపిల్లా?" అని, తర్వాతి రాకెట్టు ఎప్పుడో చూసి చెప్పింది. ఆ రోజు పొద్దున్నే మునిప్రసాద్ ఆమెను స్కూటరు మీద బస్టాండు దాకా దింపాడు. కిటికీ పక్క సీటులో కూర్చున్నాక, "జాగ్రత్త" అన్నాడు. "నువ్వూ" అందామె. బస్సు కదిలాక ఆయన చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. ఫోను చెయ్యకూడదని షరతు. మేడ మీదికి పోయి బొమ్మ ముందు కూర్చున్నాడు, గీత పడలేదు. కూరకు వంకాయలు తరిగాడు, ఉప్పు రెండుసార్లు వేశాడు. టీవీ పెట్టుకుని, ఆ రాకెట్టు లేచేటప్పుడు తెరమీద జనాన్ని చూపిస్తారేమోనని దగ్గరికి జరిగి కూర్చున్నాడు. చూపించలేదు.

శకుంతలమ్మ చీకటి పడుతూండగా వచ్చింది. జుట్టంతా దుమ్ము, మొహమంతా నవ్వు, గొంతు బొంగురు.

"అరిసినావా?"

"అందురూ అరిసినారు, నేనూ అరిసినా. సెరువు పక్క రోడ్డుమింద నిలబడుకున్నాం. జనమంటే జనం. మంట ముందు కనబడింది. సప్పుడు లేదు, ఏమీ లేదు, ఊరికే అట్ల లేస్తాండాది. ఏంది సప్పుడే లేదే అనుకుంటా ఉంటే, శానాసేపటికి వచ్చింది సూడు, గుండెకాయలోకి వచ్చింది. నోరు తెరిసిందాన్ని మూసేదే మర్సిపోయినా." ఆమె చెప్తూనే వంకాయ కూర రుచి చూసి, ఒక్క క్షణం ఆగి, మజ్జిగ పోసుకుంది. "నా పక్కన నాయుడుపేట ఆమె అలివేలమ్మ అని, సెనక్కాయలు పెట్టింది. ప్రతి రాకెట్టుకూ వస్తాదంట. ఫోను నంబరు ఇచ్చింది."

ఆ తర్వాత రంగప్రియ పని కూడా బాగానే సాగింది. పరిశోధన పెద్దలు బొమ్మలను ఒప్పుకున్నారు. తిరుపతిలో జరిగిన ఒక సదస్సులో వాటిని వరసగా తగిలించి, పక్కన మునిప్రసాద్ పేరు పెట్టారు. వేదిక మీదికి పిలిస్తే ఆయన కొత్త చొక్కాలో బిగుసుకుపోయి నిలబడ్డాడు. ముందు వరసలోంచి ఒకాయన లేచి, బస్సు స్టాపు బొమ్మ గీసేటప్పుడు మీ మనసులో ఏముంది, ఆమె ఎక్కడికి పోతోంది అని అడిగాడు.

"అది నేను సెప్పకూడదు సార్" అన్నాడు మునిప్రసాద్. "మీరే సెప్పండి. కాకపోతే మా మేడం రాసుకుంటాది, జాగ్రత్త."

హాలంతా నవ్వింది. వెనక వరసలో శకుంతలమ్మ పక్కావిడతో "నాకు తెలుసు యాడికి పోతాండాదో" అని చెప్తూ ఉంది.

ఇప్పుడు చిత్తూరులో ఒక ఆసుపత్రి వాళ్లు కూడా ఆ బొమ్మలు వాడుతున్నారు. చిన్నపిల్లల కోసం ఇంకో వరస కావాలని రంగప్రియ అడిగింది. మనుషులకంటే పిల్లలు జంతువుల గురించి తొందరగా చెప్తారట. మునిప్రసాద్ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక బడి వెనక మేకలు మేసే చోట కూర్చుని గీసుకుంటున్నాడు. మేక మొహంలో కోపమూ సంతోషమూ ఒకేలా ఉంటాయని, ఈ పనికి దీన్ని మించిన ప్రాణి లేదని పరంధామయ్యతో అన్నాడు. శకుంతలమ్మ, అలివేలమ్మ కలిసి వచ్చే నెల కంచికి పోతున్నారు. వంకాయ కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో ఆమె ఆయనకు ఈమధ్యే దగ్గరుండి నేర్పింది.